ఇనుము ఓరిమిని కొలిచిన విలియం ఫెయిర్‌బెయిర్న్

రాజమహేంద్రవరమునొద్ద గోదావరి నదిపై పాత రైలువంతెన యొకటి కలదు. దానిని హేవలాకు వంతెన యందురు. 1897లో దాని నిర్మాణము ప్రారంభమయ్యెను. 1900లో దానిపై రైలుబండ్లు నడువసాగెను. రాతిస్తంభముల నడుమ 56 అంకణములుగా ఉక్కు దూలములు నిలిపి కట్టిన ఆ వంతెన, 1997లో విశ్రాంతి పొందువఱకు మద్రాసు కలకత్తాల నడుమ పోవు బండ్లను మోసెను.

బండి మీదికి వచ్చినప్పుడు దూలము కంటికి కానరానంత కొంచెము వంగును. బండి దాటిపోగానే మరల తన పూర్వస్థితికి వచ్చును. ఈ వంగుటయు లేచుటయు దినమునకు పలుమార్లు, ఏండ్ల తరబడి జరుగుచుండును. ఒకసారి మోసిన బరువును ఇనుము లక్షసార్లు మోయగలదా? పదిలక్షలసార్లు మోయగలదా? ఈ ప్రశ్న చూచుటకు చిన్నదే. కాని దీనికి సమాధానము తెలియని కాలమున ఎందఱో నిరపరాధులు ప్రాణములు గోల్పోయిరి. ఆ సమాధానమును ఓర్పుతో వెదకినవారిలో అగ్రగణ్యుడు విలియం ఫెయిర్‌బెయిర్న్. ఆయన మన గోదావరిని చూచినవాడు కాడు. ఆ వంతెన పని మొదలగుటకు ఇరువదిమూడేండ్లు ముందే ఆయన కన్నుమూసెను. అయినను ఆయన కృషిఫలము నేడు మన వంతెనలకును, మన మరలకును, మన వంటయింటి పాత్రలకును గూడ ఉపయోగపడుచున్నది.

విలియం 1789వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన స్కాట్లండు దేశములో ట్వీడ్ నది యొడ్డున నున్న కెల్సో పట్టణమున జన్మించెను. తండ్రి ఆండ్రూ వ్యవసాయపు పనులు చేసి జీవించువాడు. ఇంట కలిమి లేదు. బాలుని చదువు కొద్దికాలమే సాగెను. అతనికి పదేండ్ల ప్రాయమున కుటుంబము ఉత్తరమున నున్న వేఱొక సీమకు తరలిపోయెను. అచట భూమి చవుడు, పంట స్వల్పము. తల్లి ఇంటిపనులలో మునిగియుండగా, నలతగా నుండు చిన్న తమ్ముడు పీటరును ఎత్తుకొని తిరుగు పని విలియంపై పడెను. తమ్ముని మోసి మోసి అలసిన ఆ బాలుడు ఒక ఉపాయము నాలోచించెను. ఒక చిన్న కత్తి, ఒక బరమా, ఒక పాత రంపము, ఇవియే అతని పనిముట్లు. వానితో నాలుగు చక్రముల చిన్నబండిని తయారుచేసి, తమ్ముని అందు కూర్చుండబెట్టి లాగుకొని తిరుగసాగెను. తరువాత సెలయేటి నీటితో తిరుగు చిన్న చిన్న మరలను గూడ చేసెను. ఆ తమ్ముడును పెద్దవాడై పేరుగన్న యంత్రనిర్మాత యయ్యెను.

విలియం కెల్సోకు తిరిగి వచ్చునప్పటికి అక్కడ ట్వీడ్ నదిపై రాతివంతెన కట్టుచుండిరి. పదునాలుగేండ్ల విలియం అందు రాళ్లు మోయు కూలిగా చేరెను. కొలది దినములలోనే రాళ్ల మోత జాఱి అతని కాలిపై పడెను. గాయము మానుటకు చాలకాలము పట్టెను. వంతెనల విద్యలో లోకమునకు గురువు కానున్నవాడు మొదట వంతెన పనిలోనే గాయపడుట విధివిలాసము.

1804లో అతడు ఇంగ్లండు ఉత్తరభాగమున న్యూకాసిల్ సమీపములో నున్న పెర్సీ మెయిన్ బొగ్గుగనిలో శిష్యుడుగా చేరెను. ఏడేండ్లు అక్కడ పని నేర్చుకొనవలయునని ఒడంబడిక. యంత్రములను నిలువబెట్టుట, చక్రములు పండ్లు చెక్కుట, పాడైనవానిని బాగుచేయుట అతని పని. గని పనివారి నడుమ తగవులు, తాగుడు, ముష్టియుద్ధములు నిత్యకృత్యములు. విలియం వారివలె కాలము వృథాచేయక, తనకు తాను ఒక దినచర్య నేర్పరచుకొనెను. వారములో ఒక్కొక్క సాయంకాలమునకు ఒక్కొక్క విద్య నియమించుకొనెను. ఒకనాడు అంకగణితము, ఒకనాడు చరిత్ర కావ్యములు, ఒకనాడు బీజగణితము, ఒకనాడు రేఖాగణితము. వారమునకు ఒకటి రెండు సాయంకాలములు మాత్రమే వినోదమునకు విడిచెను. సమీపమున నున్న గ్రంథాలయమున సభ్యుడుగా చేరి పుస్తకములు తెచ్చుకొనెను. పగలెల్ల సుత్తె పట్టిన చేతులతో రాత్రి పలక పట్టుట సులభము కాదు. అయినను మూడేండ్లు ఆ నియమము తప్పలేదు. పాఠశాల ఈయలేని విద్యను అతడు ఈ విధముగా స్వయముగా సంపాదించుకొనెను.

ఆ దినములలోనే అతనికి జార్జి స్టీఫెన్‌సన్‌తో స్నేహము కలిగెను. రైలుబండికి పితామహుడని తరువాత ప్రసిద్ధికెక్కిన స్టీఫెన్‌సన్ అప్పటికి నిరుపేద. సమీపముననే ఒక యంత్రమును కనిపెట్టి యుండు పనివాడు. ఓడలనుండి బరువుమట్టి తోడి అతడు నాలుగు కాసులు అధికముగా సంపాదించుకొనుటకై, విలియం అప్పుడప్పుడు అతని యంత్రమును తాను చూచుచు కూర్చుండెడివాడు. మహాపురుషుల మైత్రి ఇట్టి చిన్న సహాయములతోనే మొదలగును.

1811లో శిష్యరికము ముగిసెను. అటుపిమ్మట విలియం పని వెదకికొనుచు లండనునకు పోయెను. అచటి పనివారి సంఘముల కట్టుబాట్లవలన క్రొత్తవానికి పని దొరకుట కష్టమయ్యెను. కొంతకాలము లండనులో పనిచేసి, డబ్లినులో మేకులు చేయు యంత్రమును నిర్మించి, తుదకు మాంచెస్టరు నగరము చేరెను. అది నూలుమిల్లులతో దినదినాభివృద్ధి చెందుచున్న నగరము. 1817లో ఆయన జేమ్స్ లిల్లీ యను మిత్రునితో కలసి ఒక పాక అద్దెకు తీసికొని సొంత కర్మశాల పెట్టెను. చేతిలో నున్న పెట్టుబడి స్వల్పము. తరిమెన యంత్రమును గూడ తామే తయారుచేసికొనిరి. దానిని త్రిప్పుటకు బలశాలియైన ఒక కూలిని పెట్టుకొనిరి.

ఆ కాలపు మిల్లులలో ఇరుసులు మిక్కిలి లావుగా, బరువుగా నుండెడివి. అవి మెల్లగా తిరిగెడివి. అధికమైన శక్తి తమ్ముతామే త్రిప్పుకొనుటకే సరిపోయెడిది. ఫెయిర్‌బెయిర్న్ వానికి బదులు సన్నని చేత ఇనుప ఇరుసులు పెట్టి త్వరగా తిరుగునట్లు చేసెను. ఇనుము తగ్గెను, వేగము పెరిగెను. మిల్లుల యజమానులు ఆయనకొఱకు వెదకుకొనుచు వచ్చిరి. కొలది సంవత్సరములలో ఆయన కర్మశాల మాంచెస్టరులోని పెద్ద కర్మశాలలలో నొకటి యయ్యెను. తరువాత ఆయన ఇనుప ఓడలు కట్టెను. 1837లో రేకులు కలిపి రివెట్టులు బిగించు యంత్రమును కనిపెట్టెను. 1844లో మఱొకరితో కలసి, ఒక పెద్ద పీపాలో రెండు మంటగొట్టములు ప్రక్కప్రక్కన అమర్చిన బాయిలరునకు హక్కు పొందెను. దానికి లాంకషైర్ బాయిలరని పేరు వచ్చెను. అది ప్రపంచమంతట వ్యాపించెను. ఊక మండించి ఉప్పుడు బియ్యము వండు ధాన్యపు మరలలో సైతము ఈ తరగతి బాయిలర్లు పనిచేసినవి.

ధనము, కీర్తి చేకూరినవి. సామాన్యుడైనచో అంతటితో తృప్తి చెందియుండును. కాని ఫెయిర్‌బెయిర్న్ హృదయమును ఒక విచారము బాధించుచుండెను. ఆ దినములలో బాయిలర్లు తఱచుగా ప్రేలుచుండెను. బాయిలరు ప్రేలినచో మిల్లు గోడలు కూలును. మరుగునీరు, ఆవిరి, ఇనుపరేకులు నలుదెసల ఎగజిమ్మును. ప్రొద్దుననే కూలికి వచ్చిన పురుషులు, స్త్రీలు, పిల్లలు సాయంకాలమునకు ఇల్లు చేరకపోయెడివారు. ఈ ప్రేలుళ్లకు కారణమేమని అడిగినచో కొందఱు బాయిలరులో తెలియని వాయువు పుట్టుచున్నదనిరి. కొందఱు విద్యుచ్ఛక్తి యనిరి. మఱికొందఱు దైవికమని చేతులు ముడుచుకొనిరి.

ఫెయిర్‌బెయిర్న్ ఈ మాటలను అంగీకరింపలేదు. ప్రేలిన బాయిలర్ల ముక్కలను తానే పరీక్షించెను. రేకులు పలుచనై పోవుట, అతుకులు బలహీనముగా నుండుట, నీరు తగ్గుట, అధిక ఆవిరిని వెడలించు కవాటముపై ఎక్కువ బరువు వ్రేలాడదీసి దానిని మూతవేయుట, ఇవియే నిజమైన కారణములని ఆయన చూపెను. మనుష్యుల అజ్ఞానము, అజాగ్రత్త, పిసినితనము వీనిని దైవముమీద మోపుట తగదని ఆయన నిశ్చయము.

బాయిలరు బలము ఎట్టిదో ఇక్కడ కొంచెము తెలిసికొనుట మంచిది. మూసిన పీపాలో ఆవిరి అన్ని వైపులకు సమానముగా త్రోయుచుండును. ఆ త్రోపుడువలన పీపా గోడపై నిలువు అతుకునకు కలుగు లాగుడు, చుట్టు అతుకునకు కలుగు దానికంటె రెండింతలు. కనుక పీపా సాధారణముగా నిలువునా చీలును. ఇనుపరేకులకు రంధ్రములు వేసి రివెట్టులతో కలిపినప్పుడు రంధ్రములవలన కొంత బలము పోవును. ఎంత పోవునో ఎవ్వరికిని సరిగా తెలియదు. ఫెయిర్‌బెయిర్న్ అతుకులను లాగి త్రెంచి కొలిచెను. అతుకు లేని రేకు బలము 100 అయినచో, రెండు వరుసల రివెట్టుల అతుకు బలము 70 అనియు, ఒక వరుస అతుకు బలము 56 మాత్రమే యనియు ఆయన కనుగొనెను. అంతవఱకు ఊహపై నడచిన పనికి అంకెలు చేకూరినవి.

మంటగొట్టముల విషయము ఇంకను విచిత్రము. వానికి ఆవిరి త్రోపుడు లోపలినుండి కాక బయటినుండి తగులును. గొట్టము పొడవైనను పొట్టిదైనను బలము సమానమేనని అందఱును నమ్మియుండిరి. ఫెయిర్‌బెయిర్న్ పలుచని గొట్టములను బలమైన ఇనుపపాత్రలో నుంచి, చుట్టును నీటి ఒత్తిడి పెంచి, అవి ఎప్పుడు నొక్కుకొనిపోవునో చూచెను. గొట్టము పొడవు రెట్టింపైనచో దాని ఓర్పు సగమగుచున్నదని ఆయన కొలతలలో తేలెను. 1858లో ఈ ఫలితములను ప్రకటించెను. పొడవైన గొట్టమునకు నడుమ నడుమ గట్టి ఇనుపకడియములు బిగించినచో అది పొట్టి గొట్టముల వరుసవలె పనిచేయునని చెప్పెను. కొంచెము ఇనుముతో అనేక ప్రాణములను కాపాడు ఉపాయమది.

ఇంతియకాదు. 1854లో మాంచెస్టరున బాయిలరు ప్రేలుళ్లను నివారించుటకై ఒక సంఘము ఏర్పడెను. దాని స్థాపనకు ఫెయిర్‌బెయిర్న్ ప్రధానకారకులలో నొకడు. మిల్లుల యజమానులు చందాలిచ్చి అందు చేరిరి. తనిఖీదారులు నియమిత కాలములలో పోయి బాయిలర్లను లోపల వెలుపల పరీక్షించిరి. ప్రమాదము జరిగిన తరువాత విచారించుట కాక, జరుగకముందే చూచుట ముఖ్యమను భావము ఈ సంఘమువలన నాటుకొనెను. మన దేశమున 1923లో చేయబడిన బాయిలర్ల చట్టము గూడ ఈ భావమునకే చెందినది. తనిఖీలో బాయిలరును నీటితో నింపి, పనిచేయు ఒత్తిడికంటె ఎక్కువ ఒత్తిడి పెట్టి చూతురు. నీరు ఆవిరివలె వ్యాకోచింపదు. కావున అతుకు విడిచినను నీరు కాఱునేగాని ప్రేలుడు కలుగదు.

అయినను ఒక చిక్కు మిగిలియుండెను. పరీక్షలో నిలిచిన బాయిలరు కొన్నేండ్ల తరువాత తన మామూలు ఒత్తిడికే చీలుచుండెను. ఎన్నో బండ్లను క్షేమముగా దాటించిన వంతెన ఒకనాడు ఒక బండి క్రింద విఱుగుచుండెను. 1842లో ఫ్రాన్సు దేశమున వర్సేల్స్ సమీపమున రైలు ఇంజను ఇరుసు విఱిగి యాబదిమందికి పైగా మరణించిరి. 1847లో చెస్టరు నగరమునొద్ద డీ నదిపై పోత ఇనుప వంతెన బండి పోవుచుండగా విఱిగి ఐదుగురు మరణించిరి. ఆ వంతెనను కట్టించినది జార్జి స్టీఫెన్‌సన్ కుమారుడు రాబర్టు. నాడు మోసినది నేడేల మోయలేదు? అదియే ప్రశ్న.

విద్యార్థులారా! ఒక ఇనుపతీగను తీసికొని చేతితో లాగుడు. అది తెగదు. దానినే ఒకచోట అటునిటు వంచుచు పోయినచో కొంతసేపటికి పుటుక్కున తెగును. ఒక్కసారి వంచుటకు లొంగని తీగ పలుమార్లు వంచుటకు లొంగినది. బాయిలరునకును ఇట్లే జరుగును. ప్రొద్దున నిప్పు వేయగానే ఒత్తిడి పెరిగి పీపా కొంచెము ఉబ్బును. రాత్రి నిప్పార్పగానే మరల కుదించుకొనును. రేకులు ఒకదానిపై నొకటి పెట్టి అతికిన చోట పీపా పూర్తిగా గుండ్రముగా నుండదు. ఒత్తిడి పెరిగినప్పుడెల్ల అచట రేకు కొంచెము వంగును. ఆ వంపు దినదినము జరుగగా, అతుకు అంచున లోపలివైపున సన్నని గాడి పడును. నీటి త్రుప్పు దానిని లోతు చేయును. బయటినుండి చూచువానికి బాయిలరు చక్కగానే కనబడును. లోపల మాత్రము మృత్యువు గీత గీయుచుండును.

వంతెనల విషయమున ఫెయిర్‌బెయిర్న్‌కు మంచి అనుభవము కలదు. వేల్సు దేశమున మెనై జలసంధిపై రైలు పోవుటకు రాబర్టు స్టీఫెన్‌సన్ ఇనుపరేకుల పెట్టెవంటి దూలములతో వంతెన తలపెట్టెను. అది బ్రిటానియా వంతెన. దానికొఱకు నమూనాలు చేసి, విఱుగగొట్టి, ఎక్కడ బలము చాలదో కనుగొన్నవాడు ఫెయిర్‌బెయిర్న్. పని ముగియకముందే కీర్తి ఎవరిదను విషయమున ఇరువురకు భేదము కలిగెను. 1848లో ఫెయిర్‌బెయిర్న్ ఆ పనినుండి తప్పుకొనెను. వంతెన 1850లో పూర్తి యయ్యెను. ఇట్టి వంతెనలు ఒకనాటి పరీక్షకు నిలుచుట అందఱును చూచిరి. నూఱేండ్లు నిలుచునా యను సందేహమును తీర్చుట ఎవరితరము?

నూఱేండ్లు వేచియుండుట మనుష్యునకు సాధ్యము కాదు. అందుచేత ఫెయిర్‌బెయిర్న్ నూఱేండ్ల మోతను కొన్ని నెలలలో మోయించుటకు నిశ్చయించెను. 1860లో ఆయన ఒక పరీక్ష ప్రారంభించెను. వంతెనలలో వాడు తీరున ఇనుపరేకులు రివెట్టులతో కూర్చి, 20 అడుగుల అంతరముపై ఒక దూలమును నిలిపెను. దానికి ఒక తులాదండమును అమర్చెను. చక్రము తిరుగుచుండగా ఆ దండము దూలముపై బరువును మోపును, మరల ఎత్తును, మరల మోపును. బండి వచ్చి పోవుటను యంత్రము ఈ విధముగా అనుకరించెను. రాత్రింబవళ్లు ఈ పని సాగెను. మోపుట ఎన్నిసార్లు జరిగెనో లెక్క వ్రాయబడుచుండెను.

మొదట దూలము విఱుగుటకు వలసిన బరువులో నాలుగవ వంతు మాత్రమే మోపిరి. 5,96,790 పర్యాయములు మోపినను దూలమునకు హాని కనబడలేదు. పిమ్మట బరువును కొంచెము పెంచి, ఏడింట రెండు వంతులు చేసిరి. ఇంకను 4,03,210 పర్యాయములు గడచెను. మొత్తము పది లక్షలు నిండెను. దూలము నిలిచియే యుండెను. అంతట బరువును ఐదింట రెండు వంతులకు పెంచిరి. ఈ బరువు విఱుగు బరువులో సగము గూడ కాదని గమనింపవలెను. ఈసారి దూలము 5,175 పర్యాయములకే విఱిగిపోయెను!

ఒక పరీక్షతో ఆయన తృప్తి చెందలేదు. విఱిగిన దూలమును రేకులు వేసి బాగుచేయించి మరల పనిలో పెట్టెను. నాలుగవ వంతు బరువునకు అది 31 లక్షలకు పైగా పర్యాయములు ఓర్చుకొనెను. మూడవ వంతునకు పెంచినంతట 3,13,000 పర్యాయములకు విఱిగెను. 1864లో ఈ ఫలితములు ప్రకటింపబడెను. విఱుగు బరువులో మూడవ వంతును మించిన బరువు మాటిమాటికి పడుచో అట్టి వంతెన క్షేమకరము కాదని ఆయన తేల్చిచెప్పెను. అనగా ఒక్కసారి మోయగల బరువు వేఱు, జీవితకాలము మోయగల బరువు వేఱు. ఈ రెంటికిగల భేదమును అంకెలతో చూపుటయే ఆయన చేసిన మహోపకారము.

ఆ కాలముననే జర్మనీలో ఆగస్టు వోలర్ అను రైల్వే ఇంజనీరు బండి ఇరుసులపై ఇట్టి పరీక్షలే ఏండ్ల తరబడి చేసెను. బరువు తగ్గినకొలది ఇనుము ఆయుర్దాయము పెరుగుననియు, ఒక హద్దునకు లోబడినచో ఎన్ని పర్యాయములైనను ఓర్చుకొననగుననియు ఆయన కనుగొనెను. లోహమునకు కలుగు ఈ బలహీనతకు శాస్త్రజ్ఞులు అలసట యని పేరు పెట్టిరి. అదురుటవలన ఇనుము లోపల స్ఫటికముగా మారి పెళుసగునని పూర్వులు భావించిరి. అది సరికాదు. 1903లో ఈవింగ్, హంఫ్రీ యను పరిశోధకులు సూక్ష్మదర్శినితో చూచి, మాటిమాటికి పడు బరువువలన లోహపు రేణువులలో సన్నని జాఱుడు గీతలు పుట్టి, అవియే క్రమముగా పగుళ్లగుచున్నవని నిరూపించిరి. పగులు సాధారణముగా రంధ్రపు అంచుననో, పదునైన మూలననో, అతుకునందలి లోపముననో మొదలగును. ఒక్కొక్క మోతకు వెండ్రుకవాసి ముందునకు ప్రాకును. మనుష్యునివలె లోహము విశ్రాంతితో ఈ అలసటను తీర్చుకొనజాలదు.

ఈ సత్యమును మఱచిన కాలమున లోకము మరల దుఃఖింపవలసి వచ్చెను. 1952లో కామెట్ అను జెట్ విమానములు ప్రయాణికులను మోయసాగెను. మిక్కిలి ఎత్తున గాలి పలుచన. అందుచేత విమానపు గదిలోనికి గాలిని ఒత్తిడితో నింపుదురు. ఆ విధముగా విమానపు గదియు బాయిలరువంటి పాత్రయే. ఎగిరినప్పుడెల్ల ఉబ్బును, దిగినప్పుడెల్ల కుదించుకొనును. 1954 జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, రెండు కామెట్ విమానములు మధ్యధరా సముద్రమున కూలెను. అందున్నవారందఱును మరణించిరి. ఇంగ్లండులోని ఫార్న్‌బరోలో ఒక విమానమును నీటితొట్టిలో నుంచి, లోపల నీటి ఒత్తిడిని పెంచుచు తగ్గించుచు పరీక్షించిరి. మూడువేలకు పైచిలుకు పర్యాయములకు కిటికీ మూలనుండి గోడ చీలెను. ఫెయిర్‌బెయిర్న్ దూలమునకు చేసినదే తొంబదియేండ్ల తరువాత విమానమునకు చేసిరి.

నేడు ఒత్తిడిని భరించు పాత్రను రూపొందించువారు ఈ పాఠమును మఱవరు. పాత్ర ఎంత ఒత్తిడికి తాళునని మాత్రమే కాక, దాని జీవితకాలమున ఆ ఒత్తిడి ఎన్నిసార్లు పెరిగి తగ్గునని లెక్కింతురు. మూలలను గుండ్రముగా చేయుదురు. అతుకులను నునుపుగా సానపెట్టుదురు. గొట్టము కలియు చోట గోడను దళసరి చేయుదురు. కంటికి కానరాని పగుళ్లను పరికరములతో వెదకుదురు. లెక్కించిన ఆయువు తీరగానే పాత్రను పనినుండి తొలగింతురు. రాజమహేంద్రవరపు కాగితపు మిల్లువంటి చోట్ల కలపముక్కలను ఆవిరి ఒత్తిడితో ఉడికించు పాత్రలకును, తణుకు చక్కెర కర్మాగారమువంటి చోట్ల బాయిలర్లకును ఈ జాగ్రత్త వలసియున్నది. మన యిండ్లలోని ప్రెషరు కుక్కరు గూడ పూటపూటకు ఒత్తిడికి లోనగు పాత్రయే. దాని కవాటమును మూసివేయుట, సొట్టపడినదానిని అట్లే వాడుట ఎంత ప్రమాదమో ఫెయిర్‌బెయిర్న్ కథ మనకు తెలుపును.

ఆయన జీవితపు తుదిభాగమున గౌరవములు తమంతట తామే వచ్చెను. 1850లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా గ్రహించెను. 1860లో ఆ సంస్థయే రాయల్ పతకము నిచ్చి గౌరవించెను. 1861లో మాంచెస్టరున జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభకు ఆయన అధ్యక్షత వహించెను. అప్పుడు ప్రభుత్వము ఈయదలచిన సర్ బిరుదును ఆయన వినయముతో వలదనెను. 1869లో మాత్రము బారొనెట్ బిరుదమును స్వీకరించెను. 1874 ఆగస్టు 18వ తేదీన, ఎనుబదియైదేండ్ల వయస్సున, ఆయన దివంగతుడయ్యెను. మాంచెస్టరు పురభవనమున ఆయన శిలావిగ్రహము నేటికిని కలదు.

ఫెయిర్‌బెయిర్న్ జీవితమునుండి మనము గ్రహింపదగినది రెండు విధములు. చిన్న బరువైనను మాటిమాటికి పడుచో ఇనుమును విఱుచును. కావున మన పనిలో చిన్న లోపమును చిన్నదని విడువరాదు. ఒకనాడు ప్రమాదము జరుగలేదు గనుక ఎన్నడును జరుగదని నమ్మరాదు. ఇది యొకటి. చిన్న ప్రయత్నమైనను మాటిమాటికి చేయుచో మనుష్యుని పెంచును. బొగ్గుగనిలో పనిచేసిన బాలుడు సాయంకాలమునకు ఒక పాఠముగా మూడేండ్లు చదివి శాస్త్రజ్ఞుల సభకు అధ్యక్షుడయ్యెను. ఇది రెండవది. ఇనుము ఎంత ఓర్చునో తెలిసికొనుటకు ఆయన ఇనుముకంటె ఎక్కువ ఓర్పు చూపెను. ఆ ఓర్పువలన ఎన్ని ఇండ్లలో సాయంకాలపు దీపము ఆఱిపోకుండ నిలిచెనో లెక్కింప శక్యము కాదు. ఆయన పేరెఱుగని పనివారును, ప్రయాణికులును ఆయనకు ఋణపడియున్నారు.